బడి అభివృద్ధి ప్రణాళిక: కింది నుంచి పైకి వెళ్లాల్సిన కాగితం కథ

విద్యాహక్కు చట్టంలో 22వ సెక్షన్ చాలా చిన్నది, రెండే ఉప సెక్షన్లు. పాఠశాల యాజమాన్య కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలని మొదటిది చెబుతుంది. ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ ఆ బడి కోసం వేసే ప్రణాళికలకూ, ఇచ్చే గ్రాంట్లకూ అదే ఆధారమని రెండోది చెబుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. చాలా బడుల్లో మాత్రం వరస తిరగబడింది. గ్రాంటు ఎంతో ముందే తేలిపోతుంది, దానికి సరిపోయే ప్రణాళిక తర్వాత రాస్తారు. హెచ్‌ఎంల బద్ధకమనో తల్లిదండ్రులకు తెలియదనో సరిపెట్టుకుంటే అసలు కారణం కనపడదు. మన దేశంలో విద్యా ప్రణాళిక పైనుంచి వేసే లెక్కగానే పుట్టింది. బడికి అందులో చోటివ్వాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూడా పూర్తిగా నిలదొక్కుకోలేదు.

బ్రిటిష్ పాలనలో విద్యపై వచ్చిన 1944 నాటి సార్జెంట్ నివేదిక 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందడానికి 40 ఏళ్లు పడుతుందని లెక్కగట్టింది. రాజ్యాంగం 45వ అధికరణంలో ఆ గడువును పదేళ్లకు కుదించింది. అప్పటి ప్రశ్న ఒక్కటే: ఎక్కడెక్కడ బడి లేదు? 1957లో జరిగిన మొదటి అఖిల భారత విద్యా సర్వే ఆవాస ప్రాంతాల లెక్క తీసింది అందుకే. ఇప్పటికీ వాడుతున్న కిలోమీటరు లోపు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత బడి అన్న దూరాల లెక్క కూడా ఆ ఆలోచనలోంచి వచ్చిందే. యునెస్కో ఆధ్వర్యంలో 1962లో ఢిల్లీలో విద్యా ప్రణాళికల శిక్షణ కేంద్రం మొదలైంది. పేర్లు మారుతూ వచ్చి 1979లో అది జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా) అయింది. ఆ శిక్షణ అధికారుల కోసం. ప్రణాళిక అంటే ఢిల్లీలో, రాష్ట్ర రాజధానుల్లో చేసే పని. బడికి అందేది ఉత్తర్వు.

దీన్ని మొదట గట్టిగా ప్రశ్నించింది 1964–66 నాటి కొఠారీ కమిషన్. ప్రతి బడీ తనకంటూ ఒక ప్రణాళిక వేసుకోవాలని, చుట్టుపక్కల బడులు ఒక పాఠశాల సముదాయంగా కలిసి నడవాలని సిఫారసు చేసింది. కమిషన్ సభ్య కార్యదర్శి జె.పి. నాయక్ ఈ ఆలోచనను ఆ తర్వాత కూడా వదల్లేదు. బీఈడీ చదివినవాళ్లందరికీ ‘సంస్థాగత ప్రణాళిక’ పేరుతో ఇది పరిచయమే. ఇందులో అసలు విషయం ఏమిటంటే, సంస్థాగత ప్రణాళిక కోరికల పట్టీ కాదు. బడి తన చేతిలో ఉన్న టీచర్లు, గదులు, సమయం, ఊరి సాయంతో ఈ ఏడాది ఏం చేయగలదో ముందు రాసుకుంటుంది. బయటి నుంచి కావాల్సింది ఆ తర్వాత రాస్తుంది. ఈ వరస ముఖ్యం. ఇది తప్పితే ప్రణాళిక అర్జీ అయిపోతుంది, అర్జీకి వచ్చే జవాబు ‘నిధుల్లేవు’ అన్నదే.

సిఫారసు పుస్తకాల్లో ఉండిపోయింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మళ్లీ పైనుంచి వచ్చిన జాబితానే: కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి. చెడ్డ పథకమేమీ కాదు, ఏకోపాధ్యాయ బడులకు రెండో టీచరు రావడం చిన్న సంగతి కాదు. కాకపోతే ఏ బడికి ఏం కావాలన్నది బడి చెప్పలేదు.

మార్పు జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపెప్)తో వచ్చింది. 1994లో ఏడు రాష్ట్రాల్లోని 42 జిల్లాల్లో మొదలై, 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాలకు వచ్చింది. తర్వాత మరో 14 జిల్లాలకు విస్తరించింది. ఇంటింటి సర్వే, ఊరి పటం మీద ఏ ఇంట్లో బడి ఈడు పిల్లలున్నారు, ఎవరు వస్తున్నారు, ఎవరు మానేశారు అని గుర్తులు పెట్టడం, వాటిని కలిపి జిల్లా ప్రణాళిక చేయడం అప్పటి పద్ధతి. 1998లో ఉమ్మడి రాష్ట్రం పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేక చట్టం చేసి బడి కమిటీలకు చట్టబద్ధత కల్పించింది. విద్యాహక్కు చట్టం కంటే పదకొండేళ్లు ముందు! తెలుగు నేల ఈ విషయంలో ముందుండిందన్న సంగతి ఇప్పుడు ఎవరూ పెద్దగా చెప్పుకోవడం లేదు.

2001లో సర్వశిక్షా అభియాన్ దేశమంతటికీ వచ్చింది. ఆవాస ప్రాంతమే ప్రణాళికకు మూలం అని దాని మార్గదర్శకాలు చెప్పాయి. డబ్బు మాత్రం మరో దారిలో వచ్చింది: బడికి ఏడాదికి 2,000 రూపాయల స్కూల్ గ్రాంటు, టీచరుకు 500, మరమ్మతులకు 5,000 వరకు. పైకప్పు కారే బడికీ కొత్త భవనమున్న బడికీ స్కూల్ గ్రాంటు ఒకటే. ప్రణాళిక ఎంత శ్రద్ధగా రాసినా వచ్చే మొత్తం మారనప్పుడు రాసేవాళ్లకు శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుంది? నమూనా ఫారం నింపడం, పాత ఏడాది కాగితం చూసి కొత్తది రాయడం అలవాటైంది అక్కడే. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సమగ్ర శిక్షలో గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 2021లో సవరించిన లెక్కలో 30 మంది వరకు 10,000, 100 వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష రూపాయలు. కాస్త మెరుగే. కానీ ఇక్కడ కూడా మొత్తాన్ని నిర్ణయించేది బడుల వివరాల జాతీయ డేటాబేసు యూడైస్‌లోని పిల్లల సంఖ్య, కమిటీ రాసిన ప్రణాళిక కాదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం బడి ప్రణాళిక మూడేళ్లది. అందులో ఏడాదికొకటి చొప్పున మూడు ఉప ప్రణాళికలుంటాయి. నాలుగు విషయాలు తప్పనిసరి: ఏటా తరగతివారీగా పిల్లల అంచనా, చట్టం షెడ్యూలు (చివర ఇచ్చిన ప్రమాణాల పట్టిక) ప్రకారం కావాల్సిన అదనపు టీచర్లు, అదనపు గదులూ సామగ్రీ, వీటికి ఏడాదివారీగా అయ్యే ఖర్చు. మొదటిది తప్పితే మిగతా మూడూ తప్పుతాయి. తప్పేది కూడా ఎక్కువగా మొదటిదే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక ప్రాథమిక బడిలో ఒకటి నుంచి ఐదు వరకు వరసగా 24, 21, 19, 16, 14 మంది, మొత్తం 94 మంది ఉన్నారనుకుందాం. షెడ్యూలు ప్రకారం 60 వరకు ఇద్దరు, 61–90కి ముగ్గురు, 91–120కి నలుగురు టీచర్లు. అంటే ఇప్పుడు నలుగురు ఉండాలి. చాలా ప్రణాళికల్లో ఈ 94నే మూడేళ్లకూ వేస్తారు, లేదా ఏటా ఐదు శాతం కలుపుతారు. రెండూ తప్పే. వచ్చే ఏడాది ఐదో తరగతిలోని 14 మంది వెళ్లిపోతారు. మిగిలేది 80. ఒకటిలో 12 మంది చేరితే 92, నాలుగో పోస్టు ఉంటుంది. పదిమందే చేరితే 90, ముగ్గురే. ఆపై ఏడాది ఐదు నుంచి 16 మంది వెళ్తారు. 92లోంచి అది తీసేస్తే 76. నాలుగో పోస్టు నిలవాలంటే ఈసారి కొత్తగా 15 మంది రావాలి. కాబట్టి ఈ బడి ప్రణాళికలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉండదు, ఊళ్లోని అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంటుంది. వచ్చే జూన్‌కు బడి ఈడుకొచ్చే పిల్లలెందరు, అందులో ప్రైవేటు బడి బస్సెక్కేది ఎందరు అని పేరుపేరునా రాసుకున్న హెచ్‌ఎంకు రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టుల సర్దుబాటు) సమయంలో ఏం జరగబోతోందో ఏడాది ముందే తెలుస్తుంది.

వలస జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. పాలమూరులో, కర్నూలు పడమటి మండలాల్లో దసరా దాటాక కుటుంబాలు పనికి పోతాయి. సెప్టెంబరులో తీసిన సంఖ్య డిసెంబరులో నిలవదు. అందుకే ఆ బడులు రెండు తేదీల హాజరు పక్కపక్కన రాసి, తేడాలో ఉన్న పిల్లల పేర్లతో సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండే వసతి), చట్టం 4వ సెక్షన్ కింద ప్రత్యేక శిక్షణ అడగాలి. ‘వలస సమస్య ఉంది’ అని ఒక వాక్యం రాస్తే దానికి బడ్జెట్‌లో పద్దు ఉండదు. 17 మంది పిల్లలు, ఐదు నెలలు అని రాస్తే ఉంటుంది.

గదుల సంగతి కూడా ఇంతే. టీచరుకొక గది, హెచ్‌ఎం–ఆఫీసు–స్టోరు కలిపి ఒక గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ, ర్యాంపు అని షెడ్యూలు చెబుతుంది. ఇప్పుడున్నదానికీ షెడ్యూలుకూ మధ్య తేడా మాత్రమే రాయాలి, కొలతలతో. ‘ప్రహరీ కావాలి’ కాదు, ‘తూర్పున 40 మీటర్లు పడిపోయింది’ అని.

డబ్బు క్యాలెండరు మరో గండం. బడి ఏడాది జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. సర్కారు ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. వార్షిక ప్రణాళిక, బడ్జెట్ మండలం నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీలో ప్రాజెక్టు అప్రూవల్ బోర్డుకు వెళ్లి ఆమోదమయ్యేసరికి కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైపోతుంది. విడతల్లో వచ్చే గ్రాంటు ఏడాది చివర్లో అందితే ఖర్చుకు మిగిలేది వారాలే. అప్పుడు సున్నం, రిజిస్టర్లు, బీరువా కొంటారు, ఎందుకంటే అవి వారంలో కొనగలిగినవి. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీటి కనెక్షన్ అలాగే ఉండిపోతుంది. కమిటీ ముందుగానే తీర్మానం చేసి, పనులకు ప్రాధాన్య క్రమం వేసి, కొటేషన్లు దగ్గర పెట్టుకుంటే ఈ నష్టం సగం తగ్గుతుంది. గ్రాంటులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పోవాలన్న నిబంధన ఉంది. ఆ పద్దుతోనే ఏ పని చేయాలో కూడా ముందే తేల్చుకోవచ్చు.

కొత్త పథకాలు, పాత ప్రశ్న

2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాడు–నేడు తొలి దశలో 15,715 బడుల్లో పనులు చేపట్టారు. 2022లో తెలంగాణ మన ఊరు–మన బడి 26,065 బడులు లక్ష్యంగా పెట్టుకుని తొలి విడతకు 9,123 బడులను తీసుకుంది. రెండిట్లోనూ అంశాల జాబితా రాష్ట్రానిది. నాడు–నేడులో తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా డబ్బు ఖర్చయింది. సిమెంటు బస్తాల లెక్క, చెల్లింపు తీర్మానం కమిటీ సభ్యులు స్వయంగా చూశారు. ఆ అనుభవం విలువైనదే. అయితే ఈ రెండు పథకాలూ భవనాలవి. ఎవరు చదవగలుగుతున్నారు, ఏ సబ్జెక్టుకు టీచరు లేరు అన్న ప్రశ్నలు ఆ జాబితాల్లోకి రాలేదు.

పై నిర్ణయం ఒక్కటి బడి ప్రణాళికను ఎలా చెరిపేస్తుందో 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 117 జీవో చూపించింది. ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు కలిపారు. ఐదో తరగతి దాకా మూడేళ్ల అంచనా వేసుకున్న బడికి రెండు తరగతులే మిగిలాయి. పిల్లలు వెళ్లిన హైస్కూలు ప్రణాళికలో వాళ్లకు గదులు లేవు. 2025లో ఆ జీవోను వెనక్కు తీసుకున్నారు, బడుల వర్గీకరణ మళ్లీ మారింది. మూడేళ్లలో రెండుసార్లు తరగతుల నిర్మాణమే మారితే ఏ కమిటీ అంచనా అయినా నిలుస్తుందా?

తరగతి గదిలోకి వచ్చేసరికి ప్రణాళిక టీచరు చేతిలోనే ఉంటుంది: వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్. 6–8 తరగతులకు చట్టం 220 పనిదినాలు, వెయ్యి బోధన గంటలు అంటుంది. పరీక్షలు, ఆటల పోటీలు, శిక్షణలు, ఎన్నికల విధులు తీసేస్తే రోజుకో పీరియడ్ లెక్కన గణితానికి 190 మిగిలాయనుకుందాం. పునశ్చరణకు 40 పక్కన పెడితే 150. పదిహేను అధ్యాయాల పుస్తకమైతే సగటున పది పీరియడ్లు. ఆ సగటునే అన్నిటికీ సమానంగా పంచేయడం మామూలుగా జరిగే పొరపాటు. బీజగణితానికి పదిహేను కావాలి, త్రిమితీయ ఆకారాలకు ఆరు చాలు. భాగహారం రాని పిల్లల కోసం జూన్, జులైల్లో ఇరవై పీరియడ్లు విడిగా పెట్టకపోతే ఆ లోటు సంక్రాంతి తర్వాత సిలబస్ పరుగులో బయటపడుతుంది, అప్పటికి సరిచేసే వ్యవధి ఉండదు. ఈ ఇరవై పీరియడ్లు బడి అభివృద్ధి ప్రణాళికలోనూ ఉండాలి. చాలా బడుల్లో ఆ రెండు కాగితాలూ ఒకదాని ముఖం ఒకటి చూడవు.

2020 జాతీయ విద్యా విధానం కొఠారీ కమిషన్ చెప్పిన పాఠశాల సముదాయాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. బడి ప్రణాళికలు కలిపి సముదాయ ప్రణాళిక అవ్వాలంటుంది. కలిపేటప్పుడు పదిహేను మంది పిల్లలున్న తండా బడి అవసరం పెద్ద హైస్కూలు అవసరాల కింద కనపడకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకని కమిటీ సమావేశంలో ప్రణాళిక చదివి వినిపించాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెప్పింది అందుకే. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, చైర్‌పర్సన్, కన్వీనర్ సంతకాలతో మూడు ప్రతులు తీయాలి. ఒకటి మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయానికి, ఒకటి పంచాయతీకి. మూడోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని బడిలో ఉంచాలి. గ్రాంటుకు ప్రణాళికే ఆధారమని 22వ సెక్షన్ కింద అడగాల్సి వస్తే ఆ మూడో ప్రతే రుజువు.