టచ్ ఫోన్ చేతికి పడదా? మొదటి స్మార్ట్‌ఫోన్ మీద అపోహలు - వాస్తవాలు

మొబైల్ షాపు కౌంటర్ దగ్గర ఈ మాట వినపడని రోజుండదు: "నాన్నకి టచ్ ఫోన్ పడదండీ, బటన్లున్న స్మార్ట్‌ఫోన్ ఏదైనా ఉంటే చూపించండి." అడిగేది కొడుకో, కూతురో. పక్కనున్న పెద్దాయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకుంటే ఏం పాడవుతుందో అన్నట్టు డెమో ఫోన్ వంక చూస్తుంటారు. ఆ భయాన్ని తప్పు పట్టలేం. దాని చుట్టూ నలుగురూ అల్లిన కబుర్లతోనే తంటా.

అపోహ: కొందరి చేతులకి టచ్ పడదు, బటన్లే కావాలి

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తినేది ఈ అపోహే. ఫోన్ కొంటారు, నెల తిరక్కుండా అది బీరువాలోకి చేరుతుంది, మళ్ళీ బటన్ ఫోన్ బయటికొస్తుంది. "చెప్పాంగా, ఆయనకి రాదని" అని ఇంట్లో తీర్పు కూడా అయిపోతుంది. అసలు ఏం జరిగిందో ఎవరూ చూడరు.

టచ్ తెరకి మీరెంత గట్టిగా నొక్కారన్నది పట్టదు. వేలు ఆనిన చోట విద్యుత్ ఛార్జ్‌లో వచ్చే చిన్న మార్పునే అది పసిగడుతుంది. బటన్ ఫోన్‌లో అదిమి నొక్కితేనే పని జరిగేది కాబట్టి ఆ అలవాటుతో ఇక్కడా వేలు అదిమి పెడతారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ (కావాలని ఎక్కువసేపు నొక్కి ఉంచడం) అనుకుంటుంది. యాప్ తెరుచుకోదు సరికదా, ఐకాన్ కదలడం మొదలవుతుంది, లేదా తీసేయమంటారా అని అడుగుతుంది. కంగారులో ఇంకోచోట తగిలితే వాట్సాప్ ఐకాన్ మాయం. దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి 'టచ్ అండ్ హోల్డ్ డిలే' ని లాంగ్‌కి మార్చండి. శాంసంగ్ ఫోన్లలో అయితే అర సెకను ఉన్నది ఒకటిన్నర సెకను అవుతుంది. అక్కడే 'ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్' కూడా ఉంటుంది. వేలు వణికి రెండుసార్లు తగిలినా ఒక్కసారిగానే తీసుకుంటుంది. హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఅవుట్‌కి తాళం వేస్తే ఐకాన్లు ఇక ఎక్కడికీ పోవు.

ఇక వేలు. పొలం పనో, సిమెంటు పనో చేసి కాయలు కాసిన వేళ్ళు, వయసుతో ఎండిన వేళ్ళు తెరకి సరిగ్గా ఆనవు. రేషన్ షాపులో వేలిముద్ర పడక ఇబ్బంది పడేవాళ్ళలో చాలామందికి ఇక్కడా అదే తిప్పలు. చూపుడు వేలి కొసతో, గోటితో పొడవకుండా, వేలి మెత్తటి భాగం ఆనించమనండి. చేతులు కడిగి తుడుచుకున్నాక కాస్త లోషన్ రాసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. తడి చేత్తో మాత్రం వద్దు. నీటిచుక్కని కూడా తెర వేలే అనుకుంటుంది. ఫోన్ పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు తెర అంచు మీదికి వచ్చిందేమో కూడా చూడండి. అది అక్కడ ఆని ఉంటే కుడిచేతి వేలు ఎంత తట్టినా ఫోన్ తికమకపడుతుంది.

కొన్నిసార్లు తప్పు మనిషిదీ కాదు, ఫోన్‌దీ కాదు. మందపాటి చవక టెంపర్డ్ గ్లాస్ వేయిస్తారు. అంచుల్లోనే జిగురుండి మధ్యలో గాలి మిగిలితే టచ్ మొద్దుబారుతుంది. గ్లాస్ మొత్తానికీ జిగురున్నది అడగండి. ఫోన్‌లో 'టచ్ సెన్సిటివిటీ' ఆప్షన్ ఉంటే గ్లాస్ వేశాక ఆన్ చేయండి. ఛార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే తెర దానంతటదే ఆడుతోందంటే అనుమానించాల్సింది ఛార్జర్‌ని. నాసిరకం అడాప్టర్ నుంచి వచ్చే విద్యుత్ గోల తెరని పిచ్చెక్కిస్తుంది. దీన్ని పట్టుకుని "డిస్‌ప్లే పోయింది" అని మార్పించుకున్నవాళ్ళున్నారు. ముందు ప్లగ్ పీకి చూడండి.

ఇంతకన్నా పెద్ద దొంగ ఇంకోటుంది: ఆలస్యం. "నేర్చుకోవడానికే కదా, అన్నిటికన్నా చవకది చాలు" అని 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్ ఉన్న ఫోన్ తీసుకుంటారు. షాపులో ఖాళీగా ఉన్నప్పుడు అది బాగానే నడుస్తుంది. మూడు నెలలకి గుడ్ మార్నింగ్ బొమ్మలు, పెళ్ళి వీడియోలు నిండాక, నొక్కిన రెండు సెకన్లకి గానీ స్పందించదు. రాలేదేమోనని ఆయన మళ్ళీ నొక్కుతారు. ఆ రెండో నొక్కుడు, అప్పటికి తెరుచుకున్న కొత్త పేజీలో ఇంకేదో బటన్ మీద పడుతుంది. ఒకరికి చేయబోతే ఇంకొకరికి కాల్. అలవాటున్న వాళ్ళు ఆగి చూస్తారు, కొత్తవాళ్ళు తమదే తప్పనుకుంటారు. కాబట్టి మొదటిసారి వాడేవాళ్ళకే మంచి ఫోన్ కావాలి: 4 జీబీకి తగ్గని ర్యామ్, వీలైతే 128 జీబీ స్టోరేజ్. పెట్టె మీద "8 జీబీ" అని పెద్దక్షరాలు, కింద చిన్నక్షరాల్లో "4+4" ఉంటే మోసపోకండి. రెండో నాలుగు స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చినవి. అసలు ర్యామ్ నాలుగే. ఇంటికెళ్ళగానే వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి వెళ్ళి ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి.

పోనీ, నిజంగా బటన్ కావాల్సిన పనులేంటి? కాల్ ఎత్తడం, పెట్టేయడం, వెనక్కి రావడం. ఈ మూడూ టచ్ ఫోన్‌లోనే దొరుకుతాయి. శాంసంగ్‌లో యాక్సెసిబిలిటీ కింద 'ఆన్సరింగ్ అండ్ ఎండింగ్ కాల్స్' ఉంటుంది. వాల్యూమ్ పెంచే బటన్‌తో కాల్ ఎత్తేలా, పక్కనున్న పవర్ బటన్‌తో పెట్టేసేలా అక్కడ పెట్టుకోవచ్చు. మిగతా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కనీసం పవర్ బటన్‌తో కాల్ ముగించే ఆప్షన్ ఉంటుంది. కొత్త ఫోన్లు తెర అంచు నుంచి వేలు జరిపే పద్ధతితో వస్తాయి. దాన్ని మార్చి కింద మూడు బటన్లు ఎప్పుడూ కనపడేలా పెట్టండి. "ఎక్కడికో పోయింది, వెనక్కి ఎలా రావాలి" అనే ఫోన్ కాల్స్ సగం తగ్గుతాయి.

అపోహ: తెలుగు టైపింగ్‌కి బటన్ల కీబోర్డే మేలు

ఇది ఎవరు పుట్టించారో గానీ, తిరగేసి చెప్పారు. "లక్ష్మి" తీసుకోండి. ఫోన్ లెక్కలో అవి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఏడు ముక్కలు. అంకెల కీప్యాడ్ మీద ఒక్కో ముక్కకీ రెండు మూడు నొక్కులు, ఒకే బటన్ మీది రెండక్షరాలు వరసగా వస్తే మధ్యలో ఆగడం. బ్లాక్‌బెర్రీ తరహా పూర్తి కీబోర్డ్ మీదా ముద్రించినవి ఇంగ్లిష్ అక్షరాలే. తెర మీది కీబోర్డ్ మాత్రం తన ముఖమే తెలుగులోకి మార్చుకుంటుంది. గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు జోడిస్తే అచ్చంగా అఆలతో, లేదా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రాబట్టేలా, లేదా వేలితో తెర మీద రాసేలా ఎంచుకోవచ్చు. పలక మీద రాసి నేర్చుకున్న తరానికి ఆ మూడోది ఇట్టే పడుతుంది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌కి తెలుగు వచ్చాక అసలు కొట్టాల్సిన పనే తగ్గింది. మైకు గుర్తు నొక్కి మామూలుగా మాట్లాడితే చాలు. కీలు చిన్నగా అనిపిస్తే జీబోర్డ్ ప్రిఫరెన్సెస్‌లో ఎత్తు పెంచి, కీ నొక్కినప్పుడు వైబ్రేషన్ ఆన్ చేయండి. బటన్ నొక్కినట్టే చేతికి తెలుస్తుంది.

అపోహ: కీబోర్డ్ ఉన్న పాత స్మార్ట్‌ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే సరి

వద్దు. బ్లాక్‌బెర్రీ సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచిన పాత ఫోన్లకి 2022 జనవరి 4న కంపెనీయే సేవలు ఆపేసింది. ఆండ్రాయిడ్‌తో వచ్చిన బ్లాక్‌బెర్రీ కీ2 కూడా ఆండ్రాయిడ్ 8.1 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, కొత్త అప్‌డేట్లు లేవు. దాని మీద బ్యాంకు యాప్ పెట్టడం తాళం లేని ఇంట్లో డబ్బు దాచడమే. జియోఫోన్ లాంటి, కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే బటన్ ఫోన్లలో వాట్సాప్ వస్తుందన్నది కూడా పాత మాటే. 2024 జూన్ చివర్లో కొత్త డౌన్‌లోడ్లు ఆపేశారు.

అపోహ: బటన్ ఫోన్ అయితే బ్యాంకు డబ్బు భద్రం

ఓటీపీ చెప్పించుకునే మోసగాడికి మీకు కాల్ కలిస్తే చాలు, మీ ఫోన్‌కి బటన్లున్నాయా లేదా అని అడగడు. టచ్ ఫోన్‌లో అదనంగా ఒక ప్రమాదం ఉంది: బ్యాంకు వాళ్ళమని చెప్పి, మీ తెర వాళ్ళకి కనపడేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించడం. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) ఏదీ ముట్టుకోకూడదని మొదటిరోజే చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నది కాగితం మీద రాసి కవర్ వెనక పెట్టండి.

అలాగని బటన్ ఫోన్‌తో చెల్లింపులు కావన్నదీ తప్పే. ఇంటర్నెట్ లేకుండా డయల్ చేసి డబ్బు పంపే *99# ఉంది, బటన్ ఫోన్ల కోసమే 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఉంది. కాల్స్ మాత్రమే చాలనుకునేవాళ్ళకి స్మార్ట్‌ఫోన్ అంటగట్టడం అనవసరం.

అపోహ: సిమ్ తీసి ఇందులో వేస్తే అయిపోతుంది

పాత బటన్ ఫోన్‌లో పెద్ద సిమ్ ఉంటే అవ్వదు. కొత్త ఫోన్లకి నానో సిమ్ కావాలి. కత్తెరతో కోయించుకోకండి, కంపెనీ స్టోర్‌లో మార్పించుకోండి. ఇక్కడ రెండు ఇబ్బందులు. పాత సిమ్‌లో ఉన్న నంబర్లు కొత్త సిమ్‌లోకి రావు. పైగా సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. ఓటీపీ రాదు, యూపీఐ రిజిస్టర్ కాదు. ఈ సంగతి తెలియక ఆ రోజంతా "ఫోనే బాగాలేదు" అంటారు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు పాత ఫోన్‌లోనే సిమ్ నంబర్లన్నీ ఫోన్ మెమరీలోకి కాపీ చేయండి. సిమ్ మార్పించి, కొత్త కార్డుని పెద్ద సైజు గీత దగ్గరే విరిచి పాత ఫోన్‌లోనే ఒకరోజు వాడండి. ఆలోగా నంబర్లని ఫోన్ నుంచి కొత్త సిమ్‌లోకి ఎక్కించండి. ఒక సిమ్‌లో సాధారణంగా 250 పడతాయి. మర్నాడు మెసేజ్‌లు వస్తున్నాయని చూసుకున్నాక నానో గీత దగ్గర విరిచి కొత్త ఫోన్‌లో వేసి, కాంటాక్ట్స్‌లో 'ఇంపోర్ట్' నొక్కి గూగుల్ ఖాతాలోకి పంపండి. యూపీఐ నమోదుకి ఆ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్తుంది కాబట్టి బ్యాంకులో ఇచ్చిన నంబర్ ఇదేనా, మెసేజ్ వెళ్ళే రీఛార్జ్ ఉందా అన్నది ముందే చూసుకోండి.