ఏజెన్సీ దాకా గుండె స్కానింగ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎకో పరీక్షలు (శబ్ద తరంగాలతో గుండెను తెరపై చూసే స్కానింగులు) చేయడం, ఇతరులు తీసి పంపిన వాటిని చూసి రిపోర్టు రాయడం నా వృత్తి. పెద్దాసుపత్రులకు దూరంగా ఉన్న ప్రాంతాలకు ఈ సదుపాయాలను విస్తరించే ప్రస్తావన వచ్చినప్పుడల్లా, సాటి వైద్యుల నుంచి కూడా కొన్ని మాటలు పదేపదే వినిపిస్తుంటాయి.

అపోహ: పల్లెటూళ్లకు స్టెతస్కోపు, ఈసీజీ చాలు.

వాస్తవం: రుమాటిక్ గుండె జబ్బు (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతినే జబ్బు) విషయంలో ఈ మాట బొత్తిగా నిలవదు. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లలపై జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనంలో, స్టెతస్కోపుతో అనుమానించి నిర్ధారించిన కేసులు రెండు దేశాల్లోనూ వెయ్యికి 2 చొప్పున ఉంటే, అందరికీ ఎకో చేసినప్పుడు అవి కంబోడియాలో 21కి, మొజాంబిక్‌లో 30కి చేరాయి. పిల్లవాణ్ణి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము ఎముక పక్కన పక్కటెముకల సందులో ప్రోబ్ (శబ్ద తరంగాలు పంపే చేతి పరికరం) ఆనిస్తే, జబ్బు సోకిన, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటపు ముందు రెక్క పూర్తిగా తెరుచుకోలేక మోచేయిలా వంగి కనిపిస్తుంది. ఆ దశలో పిల్లవాడికి ఆయాసం ఉండకపోవచ్చు, మన చెవికి ఏ తేడా శబ్దమూ అందకపోవచ్చు. ఉగాండాలో ఇలా ఎకోతో తొలిదశలోనే గుర్తించిన 818 మంది పిల్లలలో, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో రెండేళ్లకు జబ్బు ముదిరింది 0.8 శాతం మందికే, తీసుకోనివారిలో 8.2 శాతం మందికి ముదిరింది.

అపోహ: యంత్రం కొనిస్తే సగం పని అయినట్టే.

వాస్తవం: తలకు దెబ్బ తగిలినవారి కోసం పెట్టిన సీటీ యంత్రంతో గుండె రక్తనాళాలు చూడటం అంత తేలిక కాదు. సాధారణంగా 64 స్లైసులకు (ఒక్క చుట్టులో తీసే పొరల చిత్రాలకు) తగ్గని యంత్రం, గుండె లయను బట్టి చిత్రాలు తీయడానికి ఈసీజీ అనుసంధానం, రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్టు మందును నిర్ణీత వేగంతో ఎక్కించే ఇంజెక్టర్, నాడి వేగాన్ని తగ్గించే మాత్ర, ఆ మాత్ర ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదమని గుర్తుంచుకునే వైద్యుడు, ఇవన్నీ ఒకే చోట ఉండాలి. నిర్వహణ ఒప్పందం లేకుండా దానంగా వచ్చిన ఎకో యంత్రమైతే, ప్రోబ్ పాడైన రోజున బీరువా ఎక్కుతుంది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు కొత్త యంత్రం కంటే టెక్నీషియన్ జీతానికే ముందు కేటాయించాలని నా అభిప్రాయం.

అపోహ: హృద్రోగ నిపుణుడు అక్కడే ఉండాలి.

వాస్తవం: 2012లో హరియాణాలోని సిర్సాలో వెయ్యికి పైగా ఎకోలు తీసి ఇంటర్నెట్ ద్వారా పంపితే, వివిధ దేశాల వైద్యులు వాటిని చదివారు. అంతకుముందు ప్రోబ్ పట్టని నర్సులు కూడా కృత్రిమ మేధ సూచనలతో ఎడమ జఠరిక పనితీరు, గుండె చుట్టూ నీరు తెలిసేంత చిత్రాలు తీయగలరని అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. కవాటం ఎంత లీకవుతోందో, రక్త ప్రవాహ వేగాన్ని కొలిచే డాప్లర్‌తో తేల్చడం మాత్రం ఇప్పటికీ చేయి తిరిగినవారి పనే.

అపోహ: జేబులో పట్టే ఎకో యంత్రాన్ని ఏ ఊరికైనా తీసుకెళ్లవచ్చు.

వాస్తవం: గుండె కోసమే కొన్నా సరే, అల్ట్రాసౌండ్ యంత్రం 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం పరిధిలోకి వస్తుంది. 2012లో చేర్చిన నిబంధన ప్రకారం, చేతిలో మోసుకెళ్లే యంత్రాన్ని రిజిస్టరైన ఆవరణలో గానీ, ఇతర వైద్య సేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో భాగంగా గానీ మాత్రమే వాడాలి. శిబిరాలు పెట్టే సంస్థలు చాలావరకు దీన్ని చివరి నిమిషంలో తెలుసుకుంటాయి.

అపోహ: జబ్బు బయటపడితే వైద్యం దానంతటదే అందుతుంది.

వాస్తవం: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఆపరేషన్ ఖర్చు భారం చాలా తగ్గింది. పెన్సిలిన్ ఇంజెక్షన్ మాత్రం ఏళ్ల తరబడి, మూడు నాలుగు వారాలకొకసారి పడుతూనే ఉండాలి. పాడేరు పక్క పల్లెల నుంచి దానికోసం ప్రతిసారీ వంద కిలోమీటర్లు దాటి విశాఖ వెళ్లమనడం కుదరని పని. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు నిల్వ ఉంది, ఇంజెక్షన్ ఎవరు చేస్తారు, రాని పిల్లల పేర్లు ఎవరి రిజిస్టరులో ఉంటాయి అన్నవి కాగితం మీదికి వచ్చేదాకా, ఆ మండలంలో ఎకో శిబిరానికి నేను తేదీ ఇవ్వను.