ఐసు గడ్డకి గోనె, మనిషికి కోటు

జనవరిలో టొరంటోలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్న అమలాపురం దంపతులు అడిగిన ప్రశ్న ఇది: “ఎన్ని స్వెట్టర్లు పట్టుకెళ్ళాలి?” ఎన్ని అని లెక్కపెట్టే ముందు, అసలు స్వెట్టరు చేసే పనేమిటో తెలియాలి. దానికి జవాబు మన సోడా కొట్టులోనే ఉంది.

ఎండాకాలం ఐసు గడ్డ మీద రంపంపొట్టు పోసి, పైన గోనె కప్పుతారు. సంక్రాంతి మంచులో అదే గోనె భుజాన కప్పుకుంటే మనిషికి వెచ్చగా ఉంటుంది. ఐసును చల్లగా, మనిషిని వెచ్చగా ఉంచేది ఒకే గోనె! అది వేడినీ పుట్టించదు, చలినీ పుట్టించదు. వేడి అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ దాటకుండా అడ్డం పడుతుంది. నిజానికి అడ్డం పడేది జనపనార కూడా కాదు, ఆ నారల మధ్య ఇరుక్కుని కదల్లేకపోయిన గాలి. భీమవరం నుంచి రొయ్యలు వెళ్ళే థర్మోకోల్ పెట్టె గోడల్లో ఉన్నదీ దాదాపు అంతా గాలే. బడిలో ఉష్ణబంధకం అనగానే గరిటె పిడి చూపించి సరిపెడతారు. గాలి గురించి చెప్పి ఉంటే, చలిదేశం వెళ్ళేవాళ్ళకి సగం పాఠం అప్పుడే అయిపోయేది.

కాబట్టి కొనాల్సింది బరువు కాదు, కదలని గాలి మందం. ఎంత మందం కావాలో లెక్కవేసి చూద్దాం. ఊరికే నిలబడ్డ మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది, పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత. అందులో పావు వంతు ఊపిరితోనూ చర్మం మీది తేమతోనూ పోతుందనుకుంటే, మిగతా 75 వాట్లు బట్టల గుండా పోతాయి. ఒంటి వైశాల్యం 1.7 చదరపు మీటర్లు అనుకుంటే చదరపు మీటరుకి 44 వాట్లు. చర్మం 33 డిగ్రీలు, బయట మైనస్ 10, అంటే తేడా 43. గాలి నిండిన బట్టల ఉష్ణవాహకత, అంటే వేడిని దాటనిచ్చే గుణం, 0.04 అనుకుని, 43తో గుణించి 44తో భాగిస్తే సుమారు 0.04 మీటరు, అంటే 4 సెంటీమీటర్లు. అదే మనిషి గబగబా నడుస్తుంటే 300 వాట్లు పుడతాయి, అప్పుడు 1.3 సెంటీమీటర్లు చాలు. బస్సు కోసం నిలబడ్డప్పుడు 4, నడుస్తున్నప్పుడు ఒకటింబావు! ఒకే మందపాటి కోటు ఈ రెండింటికీ ఎలా సరిపోతుంది? అందుకే పొరలు. విప్పడానికీ వేసుకోవడానికీ వీలుండాలి.

కోతలయ్యాక చేలల్లో దిగే బాతుల మందను చూడండి. పైన నూనె పట్టిన ఈకలు నీటినీ గాలినీ ఆపుతాయి, కింద మెత్తటి నూగు గాలిని పట్టి ఉంచుతుంది. మనకీ అదే వరస. ఒంటిని అంటుకుని థర్మల్స్ అనే చలి లోదుస్తులు, దాని మీద ఉన్ని స్వెట్టరో, ఫ్లీసు అనే నూగు పాలిస్టరు బట్టో, పైన గాలి చొరబడని కోటు. పైపొర తప్పనిసరి, ఎందుకంటే గోనె మీద ఫ్యాను పెడితే ఐసు కరిగిపోయినట్టే, గాలి వీస్తే స్వెట్టరు కన్నాల్లోని వెచ్చటి గాలి కొట్టుకుపోతుంది. మైనస్ 10లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే, ముఖానికి మైనస్ 20లా తగులుతుంది.

ఇక మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు నూలు బనీను. మన ఉక్కపోతకి దాన్ని మించింది లేదు, చెమట పీల్చి మెల్లగా ఆరుతూ చల్లబరుస్తుంది. అక్కడ ఆ గుణమే కొంప ముంచుతుంది. కదలని గాలికన్నా నీరు దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోస్తుంది. గాలి ఉండాల్సిన కన్నాల్లో చెమట నిండితే స్వెట్టర్లు ఎన్ని వేసినా దండగే. పైగా 100 గ్రాముల చెమట ఆరడానికి 240 కిలోజౌళ్ళు కావాలి. అంటే నిలబడ్డ మనిషి 40 నిమిషాల్లో పుట్టించే వేడంతా. తడిసిన గోనె కింద ఐసు ఎంతసేపు నిలుస్తుందో కొట్టువాణ్ణి అడిగితే చెబుతాడు. అందుకని లోపొర మెరినో గొర్రెల సన్నటి ఉన్నిదో పాలిస్టరుదో అయి ఉండాలి. పాలిస్టరు దాదాపు నీరు పీల్చదు. ఉన్ని మాత్రం అద్భుతం: తన బరువులో మూడో వంతు దాకా ఆవిరిని లోపల దాచుకుని కూడా తడిగా అనిపించదు, దాని మెలికల నారలు అణిగిపోవు. నడుస్తూ చెమట పట్టబోతుందనగానే కోటు జిప్పు దించెయ్యండి, పట్టాక కాదు.

కోటును స్వెట్టరు మీద తొడిగి చూసి కొనాలి. బిగుతైతే లోపలి గాలి నలిగిపోతుంది. బూట్లకీ ఇదే మాట. మామూలు బూట్లలో రెండు జతల మేజోళ్ళు కుక్కితే గాలీ ఉండదు, రక్తమూ ఆడదు, వేళ్ళు గడ్డకడతాయి. ఒక సైజు పెద్ద బూటు, ఒకే జత మందపాటి ఉన్ని మేజోళ్ళు, కింద మందపాటి సోలు. మంచు నేల వేడిని అరికాలి గుండానే లాగుతుంది. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉన్నవాటికన్నా, నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఒదిగే తొడుగులు మేలు. వేళ్ళు ఒకదాన్నొకటి కాచుకుంటాయి, బయటి గాలికి తగిలే చర్మమూ తగ్గుతుంది.

పెద్దవాళ్ళు చీర మానక్కర్లేదు. లంగా కింద థర్మల్ ప్యాంటు, పైన మోకాళ్ళు దాటే కోటు ఉంటే చాలు. అయితే అడుగేసిన ప్రతిసారీ కుచ్చిళ్ళు కొలిమితిత్తిలా కింది చలిగాలిని లోపలికి లాగుతాయి, అంచు మంచులో తడిసి ఆ తడి పైకి పాకుతుంది. రెండు అంగుళాలు ఎత్తి కట్టుకోవాలి. బయటికి వెళ్ళేటప్పుడు ప్యాంటే సుఖం. బిగుతైన మెట్టెలు వేళ్ళకి రక్తం ఆడనివ్వవు, తీసి పెట్టడం మంచిది.

చెవుల్లో దూది పెట్టుకుంటే జలుబు రాదంటారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చెవిలోంచి దూరదు. చలికి దెబ్బతినేది బయటి చెవి, దాన్ని మంకీ క్యాప్ కప్పుతుంది, దూది కప్పదు. ఒంటి వేడిలో సగం తలనుంచే పోతుందన్న మాట కూడా నిజం కాదు. తల ఒంటిలో పదో వంతు, పోయేదీ సుమారు అంతే. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది అన్నిటికన్నా ప్రమాదం. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, లోపలి వేడంతా బయటికొచ్చేస్తుంది.

ఇళ్ళలోనూ షాపుల్లోనూ 20 డిగ్రీలకి పైనే ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళగానే కోటు విప్పాలి, లేకపోతే మళ్ళీ చెమటే. మైనస్ 10 గాలిలో ఘనపు మీటరుకి రెండు గ్రాములకి కాస్త ఎక్కువ ఆవిరి మాత్రమే పడుతుంది. దాన్ని ఇంట్లో 20కి వేడిచేస్తే తేమ 12 శాతం దగ్గరికి పడిపోతుంది. గోదావరి గాలిలో పెరిగిన చర్మం పగిలిపోతుంది. స్నానం అవగానే వాజిలీనో కొబ్బరినూనో రాయండి. అక్కడ కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టే ఉంటుంది, వెడల్పు మూత డబ్బాలో తీసుకెళ్ళండి.

ఇంతకీ అడిగినదానికి జవాబు: మూడు జతల థర్మల్స్, రెండు స్వెట్టర్లు, నాలుగు జతల ఉన్ని మేజోళ్ళు, మంకీ క్యాప్, మఫ్లరు ఇక్కడినుంచి. కోటూ బూట్లూ అక్కడ కొనుక్కోండి. తిరిగొచ్చాక, మీరు కొన్నది బాతు నూగు నింపిన కోటైతే, దాన్ని ట్రంకుపెట్టె అడుగున మడిచి అదమకండి. ఎండలో బాగా ఆరబెట్టి, నూలు సంచి తొడిగి, వదులుగా వేలాడదీయండి. అణిగిన నూగు మళ్ళీ పూర్తిగా లేవదు, మన వానాకాలపు తేమకి బూజు పట్టిందా, మరుసటేటికి అది ఉత్త గుడ్డే.