చాలీచాలని దుప్పటి

అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ పాత వీడియో ఒకటి చూపించాడు. తెల్ల జెర్సీ వేసుకున్న ఎడమచేతి వాటం కుర్రాడు వెనక్కి నాలుగడుగులు వేసి, కుడివైపు చూసి, ఉన్నట్టుండి ఎడమవైపు బంతి విసిరాడు. దూరంగా ఒకడు దాన్ని అందుకున్నాడు. ఆట అయిపోయింది.

"మామయ్యా, ఇది లక్కా? లెక్కా?" అన్నాడు వాడు.

వాడి రూమ్మేట్ ఆ రాత్రి హాఫ్ టైంలో ఒక సోఫాలోంచి లేచి ఇంకో సోఫాలో కూర్చున్నాడట. అందుకే ఆ కుర్రాడి జట్టు అలబామా గెలిచిందని ఇప్పటికీ వాదిస్తాడట. నవ్వొచ్చింది కానీ, సచిన్ ఆడుతున్నంతసేపూ గుమ్మం దగ్గర కూర్చున్నవాణ్ని మంచినీళ్లకు కూడా లేవనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ని నేను. కాబట్టి నవ్వు మింగేసి లెక్క చెప్పాను. ఆ లెక్కే ఇది.

2018 జనవరి 8, అట్లాంటాలోని మెర్సిడెస్-బెంజ్ స్టేడియం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్‌లో అలబామా, జార్జియా తలపడ్డాయి. హాఫ్ టైంకి జార్జియా 13, అలబామా సున్నా. ఆట నియమాలు చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేస్తున్నాను. ఇక్కడికి కావలసింది ఇంతే: బంతి ఉన్న జట్టు దాన్ని పట్టుకుని పరిగెత్తవచ్చు, లేదా దూరంగా విసరవచ్చు (దీన్నే పాస్ అంటారు). ఏది చేయాలో కోచ్‌లు ముందే ఎంచి పంపుతారు, మైదానంలో దాన్ని నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. అడ్డుకునేవాళ్లు ఎప్పుడూ పదకొండు మందే.

ఆ పదకొండు మందినీ ఒక దుప్పటి అనుకోండి. చలికాలం రాత్రి చాలీచాలని దుప్పటి. తలమీదికి లాక్కుంటే కాళ్లు బయటపడతాయి, కాళ్లు కప్పుకుంటే చెవులకు చలి. బంతి దగ్గర ఎక్కువమందిని నిలబెడితే పరుగు ఆగుతుంది కానీ వెనక మైదానం ఖాళీ అవుతుంది. వెనక్కి పంపితే పాస్ ఆగుతుంది, పరుగుకు దారి దొరుకుతుంది. కాబట్టి దాడి చేసే జట్టు పని ఒక్కటే, ఎదుటివాడి దుప్పటి పొడవు ఎంతో వాడికే గుర్తుచేస్తూ ఉండటం.

మొదటి సగంలో అలబామా ఆ పని చేయలేకపోయింది. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తక్కువవాడేమీ కాదు, మొదటి నుంచీ ఆడిన మ్యాచుల్లో అప్పటికి 25 గెలిచి 2 మాత్రమే ఓడాడు. పరుగులో దిట్ట. కానీ ఆ రాత్రి 8 పాస్‌లు వేస్తే అందినవి 3, వచ్చినవి 21 గజాలు. దూరం నుంచి భయం లేనప్పుడు జార్జియా కాళ్లు ఎందుకు కప్పుకుంటుంది? దుప్పటంతా ముందుకు లాక్కుంది.

కోచ్ నిక్ సేబన్ హాఫ్ టైంలో హర్ట్స్‌ను కూర్చోబెట్టి, టువా టాగోవైలోవా అనే మొదటి ఏడాది కుర్రాణ్ని దింపాడు. ఫైనల్‌లో, పదమూడు పాయింట్లు వెనకబడి ఉండగా! అందరూ దీన్ని గుండెధైర్యం అన్నారు. నాకు మాత్రం ఇందులో 1928లో గణితవేత్త ఫాన్ నోయ్‌మన్ నిరూపించిన సిద్ధాంతం కనిపిస్తుంది: ఎదుటివాడు ఏం చేసినా మన నష్టం తగ్గేలా ఎత్తుల్ని కలిపి ఆడే లెక్క. ఇంటర్‌లో మనం సంచిలోంచి ఎర్రబంతి, నల్లబంతి తీస్తూ సంభావ్యత నేర్చుకున్నాం. ఎదురుగా ఇంకో బుర్ర కూడా ఆలోచిస్తుంటే లెక్క ఎలా మారుతుందో ఎవరూ చెప్పలేదు. సంచికి మనమీద పగ ఉండదు కదా.

చిన్న నమూనా వేద్దాం. అంకెలు నేను పెట్టుకున్నవే. పరుగెత్తితే, కాపలా దగ్గరుంటే 2 గజాలు వస్తాయి, దూరంగా ఉంటే 6. పాస్ బలహీనమైన జట్టుకు, కాపలా దగ్గరుంటే పాస్‌లో 4 గజాలు, దూరంగా ఉంటే 1. ఇప్పుడు ఎదుటివాడు ఏం చేసినా మనకు సగటు ఒకటే వచ్చేలా పరుగునూ పాస్‌నూ కలపాలి. పరుగు వాటా p అనుకుంటే, 2p + 4(1–p) = 6p + 1(1–p). అంటే p = 3/7. ఏడింట మూడుసార్లు పరుగు, సగటు 22/7 గజాలు. (వృత్తాల π విలువ కాదండీ, అంకెలు అలా కుదిరాయి.) ఇదే లెక్క కాపలా వైపు నుంచి చేస్తే, వాళ్లు ఏడింట ఐదుసార్లు దగ్గరకే జరిగి ఉండాలి.

ఇప్పుడు మంచి పాసర్‌ను దింపండి. పాస్‌లో 4 బదులు 10, 1 బదులు 4 అనుకుందాం. పరుగు అంకెలు ముట్టుకోవద్దు. మళ్లీ చేస్తే p = 0.6, సగటు 5.2. కాపలా దగ్గరకు జరగగలిగేది పదింట రెండుసార్లే.

ఇక్కడ ఆగి చూడాలి. బాగుపడింది పాస్. పెరిగింది పరుగు! నూటికి 43 నుంచి 60కి. ఈ ఫలితం మొదటిసారి చూసినప్పుడు తప్పు చేశానేమోనని కాగితం తిరగేసి మళ్లీ లెక్కకట్టాను. తప్పు లేదు. పాస్ భయంతో దుప్పటి కాళ్లమీదికి పోయింది, తల బయటపడింది. ఆ రాత్రి చివరి క్వార్టర్‌లో నాజీ హారిస్ అనే ఇంకో మొదటి ఏడాది కుర్రాడు చెలరేగాడు. 6 సార్లు బంతి పట్టుకుని 64 గజాలు పరిగెత్తాడు. సేబన్ బోర్డుమీద సమీకరణాలు రాశాడని నేననను. ఏళ్లతరబడి అదే ఆట చూసినవాడికి జవాబు వేళ్లమీద ఉంటుంది.

కొత్త కుర్రాడు తప్పులు చేయలేదా అంటే చేశాడు. ఒక పాస్ నేరుగా జార్జియావాళ్ల చేతుల్లో పెట్టాడు. అయినా మూడున్నర నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగా స్కోరు 20-20 చేశాడు. ఆఖర్లో గోల్ కోసం అలబామా తన్నిన 36 గజాల తేలికైన కిక్ పక్కకు పోయింది. అదనపు సమయంలో జార్జియా 51 గజాల కిక్ కొట్టి 23-20 చేసింది. తర్వాత అలబామా వంతు. టువా మొదటి ఎత్తులోనే బంతి విసిరేలోపు దొరికిపోయి 16 గజాలు వెనక్కి పోయాడు. స్టేడియంలో సగంమంది లేచి నిలబడ్డారు, మిగతా సగం తల పట్టుకున్నారు.

మా వాడు చూపించిన వీడియో దీని తర్వాతది. అలబామా నలుగురిని నేరుగా గీత గీసినట్టు ముందుకు పరిగెత్తించింది. జార్జియా వెనక ఇద్దరు సేఫ్టీలను (అందరికంటే వెనక కాపలా కాసేవాళ్లను) పెట్టి మైదానాన్ని చెరిసగం పంచింది. మైదానం వెడల్పు సుమారు 49 మీటర్లు, ఒక్కొక్కడికి 24 పైన. ఇద్దరికి నలుగురు, అంటే ఒక్కడి నెత్తిన ఇద్దరు. సేఫ్టీ ఇద్దరికీ మధ్యలో నిలబడితే అటూ ఇటూ ఏడేసి మీటర్లు. బంతి గాల్లో ఉండేది సుమారు రెండు సెకన్లు. కన్ను చూసి కాలు కదలడానికి పావు సెకను పోయినా, సెకనుకు ఏడు మీటర్ల చొప్పున పన్నెండు మీటర్లు పరిగెత్తగలడు. అందుకుంటాడు. కాపలా గెలిచినట్టే.

ఒక్క చిక్కు, అతను మధ్యలో ఉండాలి. టువా కుడివైపు చూశాడు. ముప్పై అడుగుల పైన దూరం, తలమీద హెల్మెట్, కళ్లు కనపడవు. కనపడేది హెల్మెట్ ఎటు తిరిగిందో, భుజం ఎటుందో. కబడ్డీలో కూతకొచ్చినవాడు ఎడమ మూలకు చూపు విసిరి కుడి మూలలో కాలు వేసినట్టే. సేఫ్టీ నడిమి వైపు నాలుగు మీటర్లు ఒరిగాడనుకోండి. ఇప్పుడు ఎడమ అంచుకు దూరం పదకొండు. నడుము తిప్పుకుని వెనక్కి రావడానికి ఇంకో అర సెకను. మిగిలింది సెకనుంపావు, పరిగెత్తగలిగేది తొమ్మిది మీటర్లలోపు. ఆ రెండు మీటర్ల ఖాళీలో డెవాంటా స్మిత్ బంతి అందుకున్నాడు. బంతితో చివరి గీత దాటేశాడు: 41 గజాల టచ్‌డౌన్, 26-23.

"అయితే హర్ట్స్ పనికిరాడనేగా?" అన్నాడు మా వాడు.

ఒరేయ్, అదే ఏడాది డిసెంబరు 1 చూడు. అదే స్టేడియం, అదే రెండు జట్లు. ఈసారి జార్జియా 28-14 ఆధిక్యంలోకి వెళ్లింది. చివరి క్వార్టర్‌లో టువాకు దెబ్బ తగిలింది, బెంచీమీద నుంచి హర్ట్స్ లేచాడు. అప్పటిదాకా పాసర్‌ను కాచుకుంటున్న దుప్పటి అది. పాస్‌తో 28-28 చేశాడు, ఇంకో నిమిషం మిగిలి ఉండగా గెలుపు టచ్‌డౌన్ కూడా కొట్టాడు. అది మాత్రం పాస్ కాదు, పదిహేను గజాలు తనే పరిగెత్తాడు.