ఆపే కణాలు అలసిపోతే: పిల్లల మధుమేహం వెనుక కథ

రోగనిరోధక శక్తిని పెంచే పొడులు వాడితే టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు ఇన్సులిన్ మానేయవచ్చన్న మాట, 2025 వైద్య నోబెల్ తరువాత విశాఖపట్నంలో కొందరు తల్లిదండ్రుల మధ్య మళ్లీ నడుస్తోంది. ఆ బహుమతి వెనుక ఉన్న పరిశోధన చెప్పేది సరిగ్గా దానికి విరుద్ధం.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేసేది మన రక్షణ వ్యవస్థేనన్న ఆధారాలు 1970ల నాటికే దొరికాయి. ఆ దాడిని ఆపవలసిన కణాలు ఏమయ్యాయన్నదే తేలలేదు. దాడి చేసే టీ కణాలను (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు) అదుపు చేసే మరో రకం టీ కణాలు, అంటే నియంత్రణ కణాలు, ఉన్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి ఎలుకల్లో చూపారు. అసలు మలుపు 2001లో వచ్చింది. చర్మం పొలుసులు కట్టి కొద్ది వారాల్లోనే చనిపోయే ఒక రకం మగ ఎలుకల్లో చెడిపోయింది ఫాక్స్‌పీ3 అనే జన్యువని అమెరికా శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనుగొన్నారు. నియంత్రణ కణాలు తయారవడానికి ఈ జన్యువే కావాలి. ఆ నోబెల్ దక్కింది ఈ ముగ్గురికే. అదే జన్యువు చెడిన మగ శిశువులకు ఐపెక్స్ అనే అరుదైన వ్యాధి వస్తుంది, వారిలో చాలామందికి నెలల వయసులోనే మధుమేహం మొదలవుతుంది. పాలు తప్ప మరో రుచి ఎరుగని ఆ పసివాళ్లలో రోగనిరోధక శక్తి తగ్గలేదు, దానికి పగ్గం వేసే కణాలే లేకుండా పోయాయి.

సాధారణ టైప్ 1లో ఇంత సూటిగా ఉండదు. రోగుల రక్తంలో నియంత్రణ కణాల సంఖ్య దాదాపు మామూలుగానే ఉన్నా వాటి పట్టు సడలిందని 2005లో కొన్ని పరిశోధనలు తెలిపాయి. దాడి చేసే కణాలే వాటి మాట వినడం లేదని తరువాతి పరిశోధనలు చూపాయి. ఒత్తిడికి లోనైన బీటా కణాలే దాడిని పిలుచుకుంటాయనే వాదమూ ఉంది.

ఎంవీపీ కాలనీలో నాకు తెలిసిన ఒక తల్లి, ఉక్కపోత రోజుల్లో కరెంటు పోతే కొడుకు ఇన్సులిన్ సీసాను మూత డబ్బాలో పెట్టి నీళ్ల కుండలో దించుతారు. వాడి వేళ్ల కొసలు గుచ్చి గుచ్చి గట్టిపడ్డాయి. ఆమె ఆశ నాకు అర్థమవుతుంది. అయినా ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది.

దాడి చేసే కణాలను నెమ్మదింపజేసే టెప్లిజుమాబ్ అనే మందుకు 2022లో అమెరికా అనుమతిచ్చింది. లక్షణాలు ఇంకా కనిపించని దశలో వాడటానికి ఇచ్చిన అనుమతి అది. ప్రయోగంలో ఆ మందు వ్యాధిని సుమారు రెండేళ్లు వెనక్కి నెట్టింది. పొడి గురించి అడిగిన ఆ తల్లి ఇప్పుడు ఐదేళ్ల చిన్న కూతురికి, లక్షణాలకు ముందే ఈ దాడి జాడను పట్టే యాంటీబాడీ పరీక్ష ఎప్పుడు చేయించాలో అడుగుతున్నారు.