ఆ బుడగల కన్నా ముందు చూడవలసినవి

ప్రియమైన పిల్లలకు,

మొన్న మీలో ఒకమ్మాయి స్కాన్ కాగితం నా చేతికిచ్చి, "అమ్మమ్మా, నా అండాశయాల్లో నీటిబుడగలున్నాయట" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటినుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను.

అండాశయం అంచున పూసలు గుచ్చినట్టు కనిపించే ఆ నల్లని చుక్కలు గడ్డలు కావు. లోపల అండం ఎదగడం మొదలై, మధ్యలో ఆగిపోయిన చిన్న సంచులు. ఒక్కొక్కటి 2 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది, అంతే. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లల్లోనూ కనిపిస్తాయి. అందుకే మొదటి నెలసరి తరువాత 8 ఏళ్ళు గడిచేదాకా స్కాన్‌ను బట్టి పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్లూ నెలసరీ గతి తప్పే సమస్య) అని తేల్చరు. మీ వయసులో చూడవలసినవి రెండు: నెలసరి గతి తప్పడం, ఆండ్రోజెన్లు ఎక్కువ కావడం. రెండూ ఉండాలి.

ఆండ్రోజెన్లను మగ హార్మోన్లంటారు కానీ, ప్రతి స్త్రీ ఒంట్లోనూ అవి కొద్దిగా ఉంటాయి. మరి ఎందుకు పెరుగుతాయి? రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోమని కండరాలకు చెప్పే హార్మోను ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో కండరాలు ఆ ఇన్సులిన్ మాట సరిగా వినవు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. చిత్రమేమిటంటే, కండరాలు పెడచెవిన పెట్టిన ఆ మాటను అండాశయం మాత్రం శ్రద్ధగా వింటుంది. విని టెస్టోస్టిరాన్ తయారీ పెంచుతుంది. మరోవైపు, టెస్టోస్టిరాన్‌ను రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా అదే ఇన్సులిన్ చేస్తుంది. పట్టు తప్పిన హార్మోను గడ్డం మీద వెంట్రుకలుగా, మొటిమలుగా బయటపడుతుంది. తమ్ముళ్ళూ, అక్క గడ్డం చూసి నవ్వకండి. అది ఆమె తప్పు కాదు.

ఇవి అద్దంలో కనిపించేవి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి కనిపించనివి. ట్రైగ్లిజరైడ్లనే రక్తంలోని కొవ్వులు పెరగడం, మంచి కొలెస్టరాల్ తగ్గడం, రక్తపోటు, చక్కెర ఎక్కువ కావడం. ఇవన్నీ నొప్పి పుట్టించకుండా ఏళ్ళ తరబడి రక్తనాళాల మీద పనిచేస్తాయి. సన్నగా ఉన్నవారికీ మినహాయింపు లేదు. చిన్న వయసులో గుండెపోటు చాలా అరుదు కాబట్టి బెంగపడకండి. అయితే పీసీఓఎస్ ఉన్న స్త్రీలకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని గుర్తించి చూడాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. సమస్య తేలినప్పుడే కొవ్వుల పరీక్ష, చక్కెర పరీక్ష, ఏటా రక్తపోటు చూడడం అందులో ఉన్నాయి.

బరువు గురించి ఎవరైనా మనసు నొప్పిస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. రోజూ వేగంగా నడిస్తే, తూకం కదలకపోయినా, కండరాలు ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడతాయి.

కాగితం తెచ్చిన తల్లీ, ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు నీ చేతికి రక్తపోటు పట్టీ కూడా చుట్టమని అడుగు. నేనూ తోడు వస్తాను.

మీ అమ్మమ్మ