ఈత ఒడ్డు నుంచి బజారు దాకా: చేంజింగ్ రోబ్‌పై అపోహలు - వాస్తవాలు

బ్రిటన్ నైరుతి మూలనున్న డెవాన్ తీరంలో వాన కోట్లు, చలినీటిలో ఒంటికి అతుక్కునేలా వేసుకునే వెట్‌సూట్లు, ఈతగాళ్లు ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి పైన వేసుకునే చేంజింగ్ రోబ్‌లు మరమ్మతు చేయడం నా వృత్తి. చీరాల మగ్గాల చప్పుడు మధ్య పెరిగినందువల్ల కాబోలు, ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు తిరగేసి చూడటం నాకు అలవాటు. మోకాళ్ల కిందికి దిగే పొడవు, పైన వాన దూరని గుడ్డ, లోపల గొర్రెబొచ్చులాంటి మెత్తని పొర, తల మొత్తం కప్పే టోపీ, నిలువునా పెద్ద జిప్పు ఉన్న ఈ అంగీ ఇప్పుడు ఈత స్థలాల దగ్గరే కాకుండా బడి గేట్ల ముందు, కుక్కల్ని తిప్పేవారి ఒంటిమీద, పిల్లల ఫుట్‌బాల్ మైదానాల అంచున కూడా కనిపిస్తోంది. జనవరిలో ఇక్కడికి చదువుకు వచ్చే మన పిల్లలు కొందరు ‘అన్నా, ఇదొక్కటి కొంటే చలికాలం గడిచిపోతుందా?’ అని నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను కనుక, దీని చుట్టూ అల్లుకున్న అపోహలను, నా పనిబల్ల మీద నేను చూసిన వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది లాక్‌డౌన్ కాలంలో పుట్టిన మోజు.

వాస్తవం: 2020 మార్చిలో ఈత కొలనులు మూతపడటంతో ఎంతోమంది సముద్రానికీ, నదులకూ, చెరువులకూ మళ్లిన మాట నిజమే, ఈ రోబ్ వీధుల్లోకి వచ్చింది కూడా ప్రధానంగా ఆ తర్వాతే. అయితే అప్పటికే దీనికి పదేళ్ల చరిత్ర ఉంది. ఈ రోబ్‌లు తయారుచేసే డ్రైరోబ్ సంస్థను, సర్ఫింగ్ (పలక మీద నిలబడి అలలపై జారే ఆట) ఆడే గిడియన్ బ్రైట్ 2010లో ఈ డెవాన్‌లోనే ప్రారంభించారు. చలినీటి ఈత అంతకంటే ఎంతో పాతది. లండన్ హైడ్ పార్కులోని సర్పెంటైన్ ఈత సంఘం 1864 నాటిది, క్రిస్మస్ నాటి ఉదయం ఆ చెరువులో ఈత పోటీ పెట్టుకోవడం నేటికీ ఆనవాయితీ.

ఈ రోబ్ ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టింది. సర్ఫింగ్ ముగించి నీటిలోంచి వచ్చిన మనిషి గాలి విసిరికొట్టే కారు పార్కింగ్‌లో, నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఒంటికి అతుక్కుపోయిన వెట్‌సూట్‌ను వణికే చేతులతో ఒలుచుకోవాలి. ఆ నాలుగు నిమిషాల కోసం ఒంటిమీద మోయగలిగే గుడారం కావాలి. అందుకే ఇందులో చంక కోత చాలా లోతుగా, చేతులు వెడల్పుగా ఉంటాయి. రెండు చేతులనూ లోపలికి లాక్కుని తడి బట్టలు విప్పి పొడి బట్టలు తొడుక్కోవచ్చు. జిప్పును లోపలి నుంచి కూడా లాగవచ్చు. ఒక ఫిబ్రవరి ఉదయం మా ఊరి తీరంలో అరవై దాటిన ఒక ఆవిడ నీటిలోంచి వచ్చి, వేళ్లు కొంకర్లు పోయి గుండీ పెట్టుకోలేక, ఆ వెడల్పాటి అంగీలోకి చేతులు ముడుచుకుని రెండు అరచేతుల మధ్య జిప్పు తాడును ఇరికించి పైకి లాక్కోవడం చూశాను. జిప్పుకు అంత లావు తాడు ఎందుకు కడతారో నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది.

అపోహ: ఈత కొట్టనివారు దీన్ని వేసుకోవడం ఉత్త వేషం.

వాస్తవం: ఈ ఎత్తిపొడుపు ఎంత దూరం వెళ్లిందంటే, డబ్లిన్ దగ్గర శాండీకోవ్‌లో ఉన్న ఫార్టీ ఫుట్ అనే పేరుపొందిన ఈత స్థలం వద్ద 2020 చివర్లో డ్రైరోబ్‌లకూ, డ్రైరోబ్ తరహా మనుషులకూ ప్రవేశం లేదంటూ ఒక కాగితం వెలిసింది. ఏళ్ల తరబడి ప్రశాంతంగా ఈదుకుంటున్న చోటికి ఒక్కసారిగా కొత్తవారు వచ్చిపడితే పాతవారికి కలిగే ఉక్కిరిబిక్కిరిని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ కోపం చూపాల్సింది కోటు మీద కాదు.

పని కోసం పుట్టిన బట్ట వీధిలోకి రావడం బ్రిటన్‌లో కొత్త సంగతి కాదు. ట్రెంచ్ కోటు మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల నుంచి పేరు తెచ్చుకుంది. బ్రిటిష్ నావికులు వేసుకున్న మందపాటి ఉన్ని డఫెల్ కోటు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యపు మిగులు సరుకుగా అమ్ముడై విద్యార్థుల ఒంటిమీదికి చేరింది. జాలరులు, గొర్రెల కాపరులు వాడిన మైనపు గుడ్డ ఇవాళ నగరపు కాఫీ దుకాణాల్లో కనిపిస్తుంది. వాటిని వేసుకున్నవారిని ఎవరూ ‘మీరు ఏ ఓడలో పనిచేశారు?’ అని అడగరు.

అన్నిటికంటే ముఖ్యంగా, నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే రోబ్‌ల యజమానుల్లో ఈత రానివారూ ఉన్నారు. తెల్లవారుజామున అంగడి పెట్టి మధ్యాహ్నం దాకా ఒకేచోట నిలబడే కూరగాయల వ్యాపారి ఒకరు. కీళ్లవాతం వల్ల మామూలు కోటు చేతుల్లో భుజం దూర్చలేని పెద్దాయన ఒకరు. ఆ వెడల్పాటి చంక కోత వల్లనే తాను ఎవరి సాయం లేకుండా కోటు తొడుక్కోగలుగుతున్నానని ఆయన చెప్పినప్పుడు, ఈ అంగీని ఎగతాళి చేసేవారు ఆ మాట ఒకసారి వింటే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

అపోహ: ఇది చలికాలపు కోటుకు మించినది, ఒక్కటుంటే చాలు.

వాస్తవం: మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇదే. చేంజింగ్ రోబ్‌ను తడిసిన ఒంటితో, కదలకుండా నిలబడిన మనిషి కోసం కత్తిరించారు. నడిచే మనిషి శరీరం వేడిని పుట్టిస్తుంది, చెమట పోస్తుంది. వాన దూరని గుడ్డ మీద పూతో, పొరో ఉంటుంది కనుక లోపలి ఆవిరి బయటికి వెళ్లే దారి కూడా ఇరుకవుతుంది. రోబ్ వేసుకుని ఎత్తుగడ్డ ఎక్కి, అర మైలు దూరంలోని బస్సు కోసం పరుగెత్తి, ఆగిన తర్వాత చూడండి: వీపు తడిగా ఉంటుంది. ఆ తడి చల్లబడినప్పుడు వేసే చలి, కోటు పలచనైనందువల్ల వేసే చలి కంటే కష్టంగా ఉంటుంది.

ఇంకొక చిక్కు వెడల్పులో ఉంది. మనల్ని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు, గుడ్డలో కదలకుండా చిక్కుకున్న గాలి. బట్టలు మార్చుకోవడానికి వదిలిన ఆ జాగా, నడిచేటప్పుడు కొలిమి తిత్తిలా పనిచేస్తుంది. అడుగు వేసినప్పుడల్లా వెచ్చని గాలి మెడ దగ్గర నుంచి బయటికి పోయి, చల్లగాలి కింది అంచు నుంచి లోపలికి వస్తుంది. నిలబడినప్పుడు ఆ తిత్తి ఆడదు. అందుకే అంగడి దగ్గర నిలబడే వ్యాపారికి ఇది అమృతం, గంటసేపు నడిచి కాలేజీకి వెళ్లే కుర్రవాడికి బరువు. బస్సు స్టాపు, ఆటస్థలం అంచు, రైలు ప్లాట్‌ఫాం వంటి చోట్ల కదలకుండా గడిపే సమయమే మీ రోజులో ఎక్కువైతే దీన్ని నిశ్చింతగా కొనుక్కోండి. నడకే ఎక్కువైతే, అదే డబ్బుతో ఒంటికి సరిపడే వాన జాకెట్టు ఒకటి, దాని కింద వేసుకుని అవసరాన్ని బట్టి విప్పుకోగలిగే ఉన్ని లేదా ఫ్లీస్ పొరలు రెండు కొనుక్కోవడం మేలు.

అపోహ: లోపలి బొచ్చు తువ్వాలులా నీటిని పీల్చుకుంటుంది.

వాస్తవం: చాలా రోబ్‌లలో ఆ బొచ్చు పాలిస్టర్. మామూలు గదిలో ఆరబెట్టిన పత్తి తన బరువులో సుమారు 8 శాతం తేమను పోగులోనే దాచుకోగలదు, ఉన్ని అంతకు రెట్టింపు దాచుకుంటుంది, పాలిస్టర్ మాత్రం అర శాతం కూడా దాచుకోదు. అంటే పాలిస్టర్ బొచ్చు నీటిని పోగులోకి పీల్చదు. ఒంటిమీది నీటిని తన సందుల్లోకి లాగి, చర్మానికి దూరంగా పరుస్తుంది. త్వరగా ఆరడానికి కారణం అదే. కానీ సందులన్నీ నీటితో నిండితే గాలికి చోటుండదు, వెచ్చదనమూ ఉండదు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. కాబట్టి ముందు తువ్వాలుతో తుడుచుకుని తర్వాత రోబ్ తొడుక్కోవాలి. ఇక టెర్రీ గుడ్డతో (తువ్వాళ్లకు వాడే గుడ్డ) చేసిన, తల దూర్చి వేసుకునే నూలు పోంచో అయితే తువ్వాలు చేసే పనిని చక్కగా చేస్తుంది, కానీ గాలినీ వాననూ ఆపదు. ఆ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల చాలామంది తమకు అక్కరలేనిది కొంటున్నారు.

అపోహ: రోబ్ ఉంటే చలినీటి ప్రమాదం లేనట్లే.

వాస్తవం: ఈ అపోహ ప్రాణాల మీదికి తెస్తుంది. చలినీటిలో దిగిన మొదటి నిమిషాల్లో ఊపిరి అదుపు తప్పడమే పెద్ద ప్రమాదం; ఒడ్డున వేలాడుతున్న కోటు అప్పుడు ఏమీ చేయలేదు. బయటికి వచ్చాక కూడా, ఒంటి పైపొరలు చల్లగా ఉన్నందువల్ల శరీరం లోపలి వేడి కొంతసేపు తగ్గుతూనే ఉంటుంది. ఒడ్డుకు చేరిన పది నిమిషాల తర్వాత వణుకు పెరగడానికి కారణం ఇదే. తడి ఈత దుస్తుల మీదే రోబ్ కప్పుకుని కబుర్లు చెప్పుకుంటూ నిలబడేవారిని నేను తరచు చూస్తాను, చూసిన ప్రతిసారీ భయం వేస్తుంది. రోబ్‌ను గుడారంగా వాడుకుని తడి దుస్తులు వెంటనే విప్పేయాలి, తుడుచుకోవాలి, పొడి బట్టలు పొరలు పొరలుగా వేసుకోవాలి, తలకు ఉన్ని టోపీ పెట్టుకోవాలి, ఆ తర్వాత రోబ్‌ను పైన కోటుగా మూసుకుని వెచ్చనిదేదైనా తాగాలి. వణుకు పూర్తిగా తగ్గేదాకా కారు నడపకూడదు.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని లేబుల్ మీద ఉంటే ఎప్పటికీ వాటర్‌ప్రూఫే.

వాస్తవం: లేబుల్ మీద 10,000 (మిల్లీమీటర్లు) అని కనిపిస్తే, పది మీటర్ల ఎత్తు నీటి స్తంభపు ఒత్తిడిని ఆ గుడ్డ ఓర్చుకుందని అర్థం. అది కొత్త గుడ్డ లెక్క. దాని పైన మరొక పూత ఉంటుంది. తామరాకు మీద బొట్టులా నీరు జారిపోయేది దాని వల్లనే. ఆ పూత అరిగితే నీరు లోపలికి రాకపోయినా పై గుడ్డ తడిసి బరువెక్కుతుంది, ఆవిరి బయటికి పోవడం ఆగిపోతుంది, వేసుకున్నవారికి కోటు కారుతున్నట్లే అనిపిస్తుంది. నా దగ్గరికి ‘కారుతోంది’ అని వచ్చే రోబ్‌లలో చాలావాటికి నిజంగా చిల్లు ఉండదు.

నిత్యం వేసుకునేవారి రోబ్‌లలో ఈ అరుగుదల ఎక్కడ మొదలవుతుందో బల్ల మీద పరిస్తే స్పష్టంగా తెలుస్తుంది. ముంజేతుల అంచులు, గడ్డం తగిలే మెడ, సంచి పట్టీ రాసుకునే భుజం, కారు సీటుకు నలిగే వెనక భాగం ముందు పాడవుతాయి. శాశ్వత రసాయనాలుగా పేరుబడ్డ ఫ్లోరిన్ పూతలను పరిశ్రమ వదిలేస్తోంది, అది మంచి మార్పు. అయితే కొత్త పూతలు నీటిని ఆపినంత గట్టిగా నూనెను ఆపలేవు. చేతి క్రీము, ముఖపు జిడ్డు వాటిని త్వరగా దెబ్బతీస్తాయి. ఈతకు మాత్రమే వాడే రోబ్‌కు ఉప్పు శత్రువు, రోజూ వేసుకునే రోబ్‌కు జిడ్డు శత్రువు. ఉతికేటప్పుడు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు పోయకండి, అది పోగుల మీద పేరుకుని ఆ పూత పనిచేయకుండా చేస్తుంది. జిప్పులన్నీ మూసి, లేబుల్ చెప్పిన చల్లని నీటిలో, వాన కోట్ల కోసం అమ్మే ద్రవంతో ఉతికి, నీరు జారడం తగ్గినప్పుడు పూతను తిరిగి పట్టించాలి. అలాగని వారం వారం ఉతకవద్దు, బొచ్చు రాల్చే సన్నని ప్లాస్టిక్ పోగులు మురుగునీటితో పాటు మనం ఈదే సముద్రంలోకే చేరే అవకాశం ఉంది. మెడను, ముంజేతి అంచులను తడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: డ్రైరోబ్ అంటే ఈ తరహా అంగీలన్నిటికీ పేరు.

వాస్తవం: అది ఒక సంస్థ నమోదు చేసుకున్న పేరు. వస్తువు పేరు చేంజింగ్ రోబ్.

అపోహ: ఎంత పెద్ద సైజు కొంటే అంత సౌకర్యం.

వాస్తవం: బట్టలు మార్చుకోవడానికైతే అవును. రోజూ వేసుకోవడానికైతే కాదు. మడమల దాకా వేలాడే అంచు మెట్ల మీద కాలికి అడ్డుపడుతుంది, సైకిలు చక్రంలో చిక్కుతుంది. కారు నడిపేటప్పుడు దుస్తులు పెడళ్లకూ స్టీరింగుకూ అడ్డు రాకూడదని బ్రిటన్ రోడ్డు నియమావళి అయిన హైవే కోడ్‌లోని 97వ నియమం చెబుతుంది. లావుపాటి కోటు మీద సీటు బెల్టు కూడా ఒంటికి బిగుతుగా ఆనదు. పిల్లల్ని కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు రోబ్ విప్పి, బెల్టు పెట్టాక పైన కప్పండి.

కొత్త రోబ్ ఖరీదు 150 పౌండ్లు దాటవచ్చు కనుక, చదువుకునే పిల్లలకు నేను వాడినదే చూసుకోమంటాను. కొనేముందు దాన్ని తిరగేయండి. పై గుడ్డ వెనక కుట్ల మీద నీరు దూరకుండా టేపు అతికించి ఉంటే భుజం దగ్గరా, టోపీ మెడకు కలిసే చోటా అది లేచిందేమో వేలితో తడిమి చూడండి. బొచ్చును ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూడండి, ముక్కిన వాసన వస్తే తడిగా మడిచిపెట్టిన కోటని తెలుసుకోండి. జిప్పు కింది కొసన ఉన్న పిన్నును గోటితో కదిపి చూడండి, వంగితే వదిలేయండి, ఎందుకంటే అంత పొడవు జిప్పును మార్చడానికి నాబోటివారికి రెండు గంటల పని, మీకు కోటు ధరలో మంచి వాటా. చివరిగా వేసుకుని, రెండు చేతులూ లోపలికి లాక్కుని, మళ్లీ బయటికి తీసి, దుకాణంలో నాలుగడుగులు వేగంగా నడవండి. కింది అంచు నుంచి చల్లగాలి మోకాళ్లకు తగిలితే ఒక సైజు తగ్గించి చూడండి.